పూతమందులో పదకొండో పదార్థం

మానవజాతి మొదట నిప్పు కనిపెట్టింది, తర్వాత చక్రం కనిపెట్టింది, ఆ రెండింటి వల్లా పెద్దగా ఒరిగిందేమీ లేదని గ్రహించి చివరికి దరఖాస్తు ఫారం కనిపెట్టింది. ఈ మూడో ఆవిష్కరణ పరాకాష్ఠకు చేరిన చోటు చొక్కాలు కుట్టే ఒకానొక కర్మాగారం కింది అంతస్తులో ఉంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ పసిపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రం అది. అందులో పది నెలల పిల్ల మోకాలి మడతలో బఠాణీ గింజంత పూతమందు రాయాలంటే ఏడుగురు పెద్దమనుషులు సంతకం చేయాలి. (ఆ పిల్ల పుట్టడానికి ఇద్దరి అంగీకారం సరిపోయింది. అప్పట్లో నియమాలు ఇంత కట్టుదిట్టంగా లేవు.)

ఆ పిల్లను ఇంట్లో ఉడత అంటారు. చేతికి అందినదాన్నల్లా గోళ్ళతో గీరుతుంది, అందులో ముందుగా అందేది తన ఒళ్ళే. పుట్టినప్పటి నుంచీ పొడి చర్మం. మోకాళ్ళ వెనక, మోచేతుల మడతల్లో, మెడ కింద కంది ఎర్రబడి, పొట్టు లేచి, గరుకు కాగితంలా తయారయ్యేది. గీరితే రక్తం వచ్చేది. రక్తం వస్తే తల్లికి అన్నం దిగేది కాదు. అలాంటిది, చర్మం డాక్టరమ్మ ఇచ్చిన తెల్లటి పూతమందు రోజుకు మూడుసార్లు రాయగా రాయగా నాలుగు నెలల్లో దారికొచ్చింది. పొద్దున, రాత్రి తల్లి రాసేది. మధ్యాహ్నం కేంద్రంలో ఆయమ్మ రాసేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది లేని చోట వ్యవస్థకు పని ఉండదు కాబట్టి, ఆ లోటును పాప తల్లి స్వయంగా తీర్చింది.

ఆమె రెండో అంతస్తులో కిటికీ పక్క మిషను మీద కాలర్లు కుడుతుంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి ఆమెకో అలవాటు పట్టుకుంది. కంటపడిన ప్రతి అక్షరాన్నీ చదువుతుంది, అర్థం కానిదాని గురించి రెట్టింపు భయపడుతుంది. బిస్కెట్ల పొట్లం వెనక ఏముందో చదువుతుంది. లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో చదివి, తనను కలుపుకుని లెక్కపెట్టి, ఒకరు ఎక్కువైతే మెట్లెక్కుతుంది. ఉడత నిద్రపోతుంటే ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. (ఆ వేలి వల్లే ఉడత లేచి ఏడుస్తుంది. ఏడుస్తోంది కాబట్టి ఊపిరి తీస్తోందని తేలుతుంది. కష్టమైన పద్ధతే కానీ ఫలితం ఖాయం.)

ఒకరోజు ఆమె పక్క మిషనామె చెప్పిందని ఫోనులో ఒక యాప్ వేసుకుంది. డబ్బా మీది అక్షరాలకు ఫోటో తీస్తే, అందులో ఉన్న ఒక్కో పదార్థానికీ ఒక్కో మొహం చూపిస్తుందది. మంచిదైతే నవ్వే ఆకుపచ్చ మొహం, చెడ్డదైతే ఏడ్చే ఎర్ర మొహం. పూతమందుకు ఫోటో తీసింది. పది మొహాలు నవ్వాయి. పదకొండోది బావురుమంది. దాని పేరు సీటోస్టియరైల్ ఆల్కహాల్ అట.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. నాలుగు నెలలుగా, రోజుకు మూడుసార్లు, తన చేతులారా!

నిజానికి ఆ యాప్‌లో నీళ్ళకు కూడా ఎర్ర మొహమే వస్తుంది (ఎక్కువైతే మునిగిపోయే ప్రమాదం). ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే పిల్లను దించుతూ ఆయమ్మను అడిగేసింది.

"ఆయమ్మా, ఈ మందులో ఏదో ఆల్కహాల్ ఉందట. ఏం ఫర్వాలేదంటావా?"

ఆయమ్మ చుట్టూ చూసింది. "నన్నెందుకు అడిగావే తల్లీ? మనసులో పెట్టుకోవచ్చుగా."

"ఊరికే అడిగానంతే."

"ఇక్కడ ఊరికే అడగడం ఉండదమ్మా. అడిగితే పుస్తకంలో రాయాలి. రాయకపోతే నా ఉద్యోగం ఊడుతుంది." అంటూనే ఆయమ్మ సందేహాల పుస్తకం తీసి, దుమ్ము దులిపి, తేదీ వేసి రాసింది. ఆ పుస్తకంలో అది మొదటి సందేహం. అంతవరకు ఆ కేంద్రంలో పిల్లల్ని వదిలిన తల్లులంతా తెలివైనవాళ్ళు.

పది గంటలకల్లా లేపన భద్రతాధికారి దిగాడు. ఈ పదవి ఉందని ఆ రోజువరకూ ఎవరికీ తెలియదు. ఆయనక్కూడా సరిగ్గా గుర్తులేనట్టుంది, గది తాళం ఎక్కడుందో వెతుక్కున్నాడు. చేతి తొడుగులు వేసుకుని, కేంద్రంలో ఉంచిన ఉడత పూతమందు గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కవరులో వేసి, లక్క ముద్ర కొట్టి, ఇనుప బీరువాలో పెట్టాడు.

"విచారణ పూర్తయ్యేవరకూ ఇది మా అధీనంలో ఉంటుందమ్మా," అన్నాడు మర్యాదగా. మనిషి చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదే ఆయనతో వచ్చిన చిక్కు.

"మరి మధ్యాహ్నం పాపకు రాయాలి కదా సార్?"

"విచారణలో ఉన్న మందును పిల్లకు రాస్తే, రేపు మీరే మమ్మల్ని అడుగుతారు."

"నేనడగను సార్."

"ఇప్పటికే ఒకసారి అడిగారు కదమ్మా," అన్నాడాయన, పుస్తకం చూపించి.

పదకొండు పేజీల ఫారం ఇచ్చాడు. ఒక్కో పదార్థానికి ఒక్కో పేజీ. ప్రతి పేజీలోనూ అవే ప్రశ్నలు. సదరు పదార్థం పిల్లకు ఏ విధంగా బంధువు? సదరు పదార్థంతో తల్లికి పూర్వపరిచయం ఉన్నదా? ఆమె అన్నిటికీ జవాబు రాసింది. 'పూర్వపరిచయం' దగ్గర నీళ్ళకు మాత్రం 'ఉన్నది' అని రాసింది.

ఆ సాయంత్రమే పిల్లను చంకనేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. డాక్టరమ్మ యాప్‌లోని ఎర్ర మొహాన్ని చూసి తన మొహం కూడా కాస్త అలాగే పెట్టింది.

"ఇది నువ్వనుకునే రకం కాదమ్మా. సూది వేసే ముందు దూదితో తుడిస్తే చల్లగా తగిలి ఆరిపోతుంది చూడు, అది వేరు. అది మాటిమాటికీ రాస్తే చర్మం ఎండిపోతుంది. ఇది మైనం లాంటిది. మొక్కల నూనెల్లోంచే చేస్తారు ఎక్కువగా, తెల్లటి రేకుల్లా ఉంటుంది. చర్మం మీద మెత్తగా పొరలా నిలబడి తేమను బయటికి పోనివ్వదు."

"అది తీసేసి చేసిన మందు ఏదైనా ఉంటే..."

"తీసేస్తే అది మందుగా ఉండదు. నూనె, నీళ్ళు ఒకదాని మొహం ఒకటి చూడవు కదా? రెండింటినీ పట్టి ఉంచడానికి మిగతావాటితో కలిసి ఇదీ పాటుపడుతుంది. చిక్కదనం దీనివల్లే."

"అందరికీ పడుతుందా అండీ?"

"దాదాపు అందరికీ. ఎక్కడో ఒకరికి పడదు, దద్దుర్లొస్తాయి. మీ పాపకు నాలుగు నెలలుగా రాస్తున్నావు. పెరిగిందా, తగ్గిందా?"

"తగ్గిందండీ."

"మరి? నీ కళ్ళ ముందున్న పిల్లను నమ్ముతావా, ఫోనులో ఏడ్చే బొమ్మను నమ్ముతావా?"

తల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఈ ప్రశ్నల్నే మళ్ళీ ఇంకో రెండుసార్లు అడిగి, అవే జవాబులు విని, ఇంకా తేలికపడింది. డాక్టరమ్మ ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చింది.

"ఇంకేం, అయిపోయింది," అన్నాడు ఇంట్లో ఆమె మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, లోకంలో ప్రతిదానికీ ఒక మీట ఉంటుందని ఆయన నమ్మకం. "ఆ కాగితం మొహాన కొట్టు. మందు తెచ్చుకో."

"ఏమండీ, వాళ్ళు ఒప్పుకోకపోతేనో?"

"ఒప్పుకోకపోవడానికి ఇదేమన్నా ఆస్తి గొడవా? పిల్ల మోకాలే!"

ఆయన ఎన్నడూ ఏ సంఘం ముందూ నిలబడలేదు.

చర్మ సామగ్రి ఆమోద సంఘం శుక్రవారం కూర్చుంది. ఏడుగురు. అందులో ఒకాయన గుండీల కొనుగోలు విభాగం నుంచి వచ్చాడు, ఒకాయన అగ్నిమాపక పరికరాలు చూసుకుంటాడు, మిగతావాళ్ళు ఎందుకున్నారో వాళ్ళను అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఎవరూ అడగలేదు. తల్లిని నిలబెట్టారు. పిల్లను బల్ల అంచు పట్టించి నిలబెట్టారు.

"పాప నడిచేటప్పుడు తూలుతోందా?" అని అడిగాడు గుండీలాయన.

"తూలుతుంది సార్. పది నెలలేగా, ఇప్పుడిప్పుడే అడుగులేస్తోంది."

"తూలుతోంది, అని రాసుకోండి."

"మాటలు ముద్దముద్దగా వస్తున్నాయా?"

"అసలింకా రాలేదు సార్!"

"మాట పడిపోయింది, అని రాసుకోండి."

సరిగ్గా అప్పుడే ఉడత బల్ల మీది దస్త్రాన్ని గీరి ఒక మూల చింపింది. దాన్ని 'ఉద్రేక స్వభావం' కింద రాశారు.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని తల్లి వాళ్ళ ముందు పెట్టింది. ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు చదివారు. లేపన భద్రతాధికారి కాగితం మడిచాడు.

"అమ్మా, ఈ లేఖ మొదటిసారి చదివితేనే మాకందరికీ అర్థమైపోయింది."

"అమ్మయ్య! అయితే..."

"అర్థమయ్యేదాన్ని సాంకేతిక పత్రంగా స్వీకరించే వీలు లేదు. అర్థం కాని లేఖ ఒకటి, మూడు నకళ్ళతో సమర్పించండి."

"సార్, నేను చెప్తాను వినండి. అది మైనం లాంటిది. నూనెకీ నీళ్ళకీ మధ్య పట్టులా ఉంటుంది. మా కాలర్లో గట్టి గుడ్డ వేస్తాం కదా లోపల? అది తీసేస్తే కాలరు వాలిపోతుంది. ఇదీ అంతే సార్. తీసేస్తే విడిపోతుంది."

ఆ సంఘం చరిత్రలో ఒక విషయం స్పష్టంగా వినబడటం అదే మొదలు. అగ్నిమాపకాయన తలాడించాడు కూడా. కానీ అధికారి ఫారం మొదటి పేజీ తిప్పి, విద్యార్హత గడి మీద వేలు పెట్టాడు. ఏమీ అనలేదు. మర్యాదస్తుడని ముందే చెప్పుకున్నాం. తల్లి ఆ వేలినీ, దాని కింద తనే రాసిన 'తొమ్మిది, మధ్యలో' అన్న మాటల్నీ చూసి, తల దించుకుని, పిల్లను ఎత్తుకుంది.

సంఘం ఉదారంగా తీర్పు ఇచ్చింది. పది పదార్థాలకు ఆమోదం. పదకొండోదాన్ని తొలగించి మిగతా పదితో అదే పూతమందును తయారు చేయించి, పిల్లకు కేంద్రం తరఫున ఉచితంగా ఇవ్వవలెను. ఈ తీర్పులో దయ ఎంతుందో గమనించి తల్లి కృతజ్ఞత తెలుపవలెను. ఆమె తెలిపింది.

మందులు కలిపే ఒకాయన, వద్దు మొర్రో అని నెత్తీ నోరూ కొట్టుకుంటూనే, కలిపి సీసాలో పోసిచ్చాడు. రెండు రోజులు గడిచేసరికి సీసాలో కింద నీళ్ళు, పైన నూనె. ఆయమ్మ సీసాను వెలుతురుకు పట్టుకుని చూసింది.

"కుదిపితే కలుస్తుందేమో సార్?"

"కుదపడం తయారీ కిందికి వస్తుంది ఆయమ్మా. మీకు తయారీ లైసెన్సు ఉందా?"

లేదు. దాంతో సంఘం అత్యవసరంగా కూర్చుని, ఒకే సీసాలో రెండు ద్రవాలున్నాయని ఏకగ్రీవంగా కనుగొంది. నీళ్ళ భాగాన్ని స్నానాల విభాగానికి, నూనె భాగాన్ని నేల జారుడు నివారణ విభాగానికి అప్పగించారు. ఆ ప్రకారం ఉడత మోకాలికి మొదటి విభాగం పది గంటలకు నీళ్ళు రాసి ఆరనిచ్చేది. రెండో విభాగం పన్నెండు గంటలకు నూనె రాసి, జారకుండా వెంటనే తుడిచేది. రెండు విభాగాలూ తమ తమ పుస్తకాల్లో 'లేపనం విజయవంతం' అని రాసుకున్నాయి. ఇంత సమన్వయంతో ఏ పిల్ల మోకాలూ అంతకుముందు ఎండిపోలేదు.

వారం తిరిగేసరికి ఎర్రదనం మళ్ళీ మొదలైంది. పొద్దున, రాత్రి ఇంట్లో అసలు మందు రాస్తున్నా, పగలు ఆ తొమ్మిది గంటల్లో రాసినదంతా గీరుకుపోతోంది. ఒక సాయంత్రం పిల్ల గోళ్ళలో రక్తం చూసి తల్లి అక్కడే మెట్ల మీద కూలబడింది.

"నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది ఆయమ్మా. నా నోటి దూలే దాని ఒంటికి చుట్టుకుంది."

"నువ్వడిగింది పిల్ల మీద బెంగతోనేనే. ఊరుకో, ఏడవకు. ఇక్కడ ఏడిస్తే అదీ రాయాలి నేను."

మర్నాడు నోటీసు వచ్చింది. చర్మంపై ఎర్రదనం ఉన్న పిల్లలకు కేంద్రంలో ప్రవేశం లేదు. సోమవారంలోగా తగ్గని పక్షంలో పిల్లను తీసుకుపోవలెను. పిల్లను తీసుకుపోతే చూసేవాళ్ళు లేరు. చూసేవాళ్ళు లేకపోతే తను పనికి రాలేదు. ఆ మిషను కోసం కింద గేటు దగ్గర రోజూ పదిమంది నిలబడతారు. నోటీసు కింద మర్యాదగా 'శుభాకాంక్షలతో' అని ఉంది.

ఆమె అధికారి గది బయట కూర్చుంది, బతిమాలుకుందామని. ఆయన సంఘంలో ఉన్నాడు. కూర్చున్నంతసేపూ అలవాటుకొద్దీ ఎదురుగా గోడ మీదున్నది చదివింది. కేంద్రంలోకి అనుమతి లేకుండా తేరాదని చెప్పే బయటి వస్తువుల పట్టిక అది. రెండు వందల పన్నెండు అంశాలు. దువ్వెనలు, దిండ్లు, గిలక్కాయలు, రంగు పెన్సిళ్ళు, తండ్రులు (ముందస్తు అనుమతితో), పూతమందులు, పొడులు, నూనెలు, వాటిని కలిగిన గొట్టాలు, సీసాలు, డబ్బాలు, దూది, గుడ్డలు. మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ కింది నుంచి పైకి చదివింది. లోకంలో ఎవరూ చదవని ఆ కాగితాన్ని మూడోసారి కూడా చదివి, ఆమె లేచి, ఎవరినీ బతిమాలకుండా పైకి వెళ్ళిపోయింది.

పట్టికలో తల్లి చేతులు లేవు.

పాలిచ్చే తల్లులకు మధ్యాహ్నం ఇరవై నిమిషాల విరామం ఉంటుంది. పన్నెండున్నరకు ఆమె మిషను ఆపి, సంచిలో ఉన్న అసలు మందును రెండు అరచేతులకూ, మణికట్ల దాకా, గోడకు సున్నం పూసినట్టు దట్టంగా పూసుకుంది. పక్క మిషనామె నోరెళ్ళబెట్టింది.

"ఏంటే అది? పెళ్ళికా?"

"చేతులు పగులుతున్నాయొదినా."

"అంత పగిలాయా?"

"బాగా పగిలాయి."

మోచేత్తో తలుపులు తోసుకుంటూ, చేతులు గాల్లో పెట్టుకుని మెట్లు దిగింది. పాలిచ్చే గదిలో పిల్లను ఒళ్ళో వేసుకుని ముద్దు చేసింది. మోకాళ్ళ వెనక ముద్దు చేసింది, మోచేతుల మడతల్లో ముద్దు చేసింది, మెడ కింద తీరిగ్గా ముద్దు చేసింది. ఉడత కిచకిచ నవ్వింది. ఆయమ్మ అటు తిరిగి, గోడ మీద లేని బల్లిని చాలాసేపు చూసింది. పైకెళ్ళాక ఆమె సబ్బుతో చేతులు కడిగి, పనికిరాని గుడ్డముక్కతో వేళ్ళ సందులు కూడా తుడుచుకునేది. తెల్ల కాలరు మీద జిడ్డు మరక పడితే అదో విచారణ.

శనివారం కూడా సెలవు లేదు కాబట్టి ముద్దులకూ సెలవు లేదు. సోమవారం అధికారి భూతద్దంతో చూశాడు. ఎర్రదనం గులాబీ రంగుకు దిగింది. 'గులాబీ' అన్నది నిషిద్ధ రంగుల్లో లేకపోవడంతో పిల్లను ఉండనిచ్చారు. మూడు వారాలకు మోకాళ్ళు నున్నబడ్డాయి.

సంఘం ఆనందానికి అవధుల్లేవు. నీళ్ళ విభాగం తమ నీళ్ళ వల్లే అంది. నూనె విభాగం తమ తుడుపు వల్లే అంది. చివరికి ఇద్దరినీ సన్మానించి, ఉమ్మడి నివేదిక రాశారు. పదకొండో పదార్థం లేకుండానే పిల్ల చర్మం కోలుకున్నందున, సదరు పదార్థం అనవసరమని శాస్త్రీయంగా రుజువైనది. ఆ నివేదిక బలంతో కేంద్రంలోని ఇంకో నలుగురు పిల్లల పూతమందులు కూడా బీరువాలోకి చేరాయి.

తల్లిని పిలిచి అభిప్రాయ పత్రం మీద టిక్కు పెట్టమన్నారు. అందులో రెండే గళ్ళు: సంతృప్తి, అత్యంత సంతృప్తి. ఆమె కాసేపు ఆలోచించి మొదటి గడిలో పెట్టింది.

అధికారి మొహం వాడిపోయింది. "ఎందుకమ్మా మా మీద అంత కోపం?"

"కోపం లేదు సార్," అందామె. అని బయటికొచ్చి, మందు పోయిన ఆ నలుగురు పిల్లల తల్లుల్నీ మెట్ల దగ్గర ఆపి, గోడ మీది పట్టికను ఒకసారి చదువుకోమంది. ఇద్దరికి చదవడం రాదు. వాళ్ళకు తనే చదివి వినిపించింది, రెండు వందల పన్నెండూ.

ప్రస్తుతం ఆ కేంద్రంలో అపరిష్కృతంగా ఉన్న సమస్య ఒక్కటే. పాలిచ్చే గది తలుపు గుండ్రటి పిడి మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఎవరు పట్టుకున్నా జారిపోతోంది. మరమ్మతుల విభాగం పిడిని ఊడదీసి, పరీక్షించి, ఏ లోపమూ లేదని, పైగా ఆ భవనంలో ఒక్క పగులూ లేకుండా ఇంత ఆరోగ్యంగా ఉన్న వస్తువు మరొకటి లేదని ప్రాథమిక నివేదికలో రాసింది.